బడి ముందు జెండా, మా ధర్మం డబ్బు

మా సంఘం జీతం ఇస్తున్న మనిషి మా లారీలనే ఎలా ఆపుతుందని ఆమె ముఖం మీదే మొదట అన్నది నేను. మిగతావాళ్ళు తరవాత అన్నారు. ఈ సంగతి ఎక్కడ చెప్పాల్సి వచ్చినా ముందు ఆ ఒక్క మాట చెప్పేస్తాను. దాన్ని చివరికి దాచిపెడితే, వినేవాళ్ళకు నా మీద జాలి పుట్టేలా మాటలు పేర్చుకుంటానని నాకు తెలుసు.

మాది తాండూరు. ఊరి చివర, వికారాబాద్ వెళ్ళే రోడ్డు మీద నాకు చిన్న నాపరాతి బండల పాలిషింగ్ యూనిట్ ఉంది. రెండు లారీలున్నాయి. యూనిట్ దాటి కాస్త ముందుకు పోతే సర్కారు హైస్కూలు. బడి రోడ్డుకు ఇటుపక్క, గనుల్లోనూ పాలిషింగ్ షెడ్లలోనూ పనిచేసేవాళ్ళ కాలనీ అటుపక్క. పిల్లలు పొద్దున అటునుంచి ఇటు, సాయంత్రం ఇటునుంచి అటు దాటాలి. చాలా ఏళ్ళు ఈ దాటడం ఎవరికీ సమస్య అనిపించలేదు. రోడ్డంతా గుంతలు. లారీ అయినా జీపు అయినా ఎద్దుబండి నడకే నడిచేది. ఆ గుంతలే మా పిల్లలకు కాపలా కాశాయి. వాటికి ఎవరూ జీతం ఇవ్వలేదు.

తరవాత రోడ్డు వెడల్పు చేసి నున్నగా తారు పోశారు. మేమంతా సంబరపడ్డాం. బడి ముందు స్పీడు బ్రేకరు కూడా వేశారు గానీ, అది మరీ ఎత్తుగా ఉందని, బండలు పగులుతున్నాయని మా బండల వ్యాపారుల సంఘం తరఫున అర్జీ ఇచ్చి దాన్ని సగానికి చెక్కించాం. అప్పుడు సంఘానికి నేను కార్యదర్శిని. ఆ అర్జీ మీద సంతకం నాదే.

బండల లోడు గురించి తెలియనివాళ్ళకు ఒక ముక్క చెప్పాలి. పాలిష్ చేసిన బండలను లారీలో పడుకోబెట్టం, పుస్తకాల్లా నిలువుగా పేర్చి మధ్య మధ్య వరిగడ్డి దోపుతాం. డ్రైవరు గట్టిగా బ్రేకు వేస్తే వరస మొత్తం ముందుకు కదిలి మూలలు విరుగుతాయి. మూల విరిగిన బండను ఎవరూ కొనరు. పైగా బడి ఉన్నచోట రోడ్డు ఎత్తు ఎక్కుతుంది. లోడుతో ఉన్న లారీ అక్కడ ఒకసారి ఆగితే మళ్ళీ కదలడానికి మొదటి గేరులో మూలుగుతూ లేవాలి. ఇదంతా నిజమే. నేను చేసినదానికి ఈ నిజాన్నే చాలాకాలం అడ్డం పెట్టుకున్నాను.

ఒకరోజు బడి పెద్ద మేడం మా సంఘం ఆఫీసుకు వచ్చింది. ఊరికి బదిలీ మీద వచ్చి అప్పటికి ఎక్కువ కాలం కాలేదు. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"బడి ఇడిచినప్పుడు పిల్లల్ని రోడ్డు దాటించనీకి ఒక మనిషి కావాలె. పోలీస్ స్టేషన్‌కు పోయిన, హోంగార్డులు చౌరస్తాలకే సరిపోతలేరన్నరు. మున్సిపాలిటీకి పోయిన, గసుంటి పోస్టే లేదన్నరు. మా డిపార్ట్‌మెంటును అడిగిన, బడి గేటు లోపలి వరకే మాది అన్నరు. తల్లిదండ్రుల్ని అడుగుదామంటే అందరు రోజుకూలీలు."

"మరి టీచర్లు మేడం?" అన్నాడు మా ప్రెసిడెంటు. ఊళ్ళో అందరికంటే ఎక్కువ లారీలున్న మనిషి ఆయన.

"నేను, ఇంకో సారు దినాం నిలవడుతున్నం. మా సారును మొన్న మీ లారీ ఆయన ఏమన్నడో తెల్సా? పంతులూ, పాఠం లోపట చెప్పు, రోడ్డు మీద గాదు అన్నడు."

అందరం నవ్వాం. ఆమె నవ్వలేదు. ఆ నవ్వు ఆగాక నాకు ఒక ఆలోచన వచ్చింది, మంచి ఆలోచనే అనుకున్నాను.

మా వ్యాపారంలో ఒక ఆచారం ఉంది. లోడు బిల్లు రాసేటప్పుడు కింద ధర్మం అని కొంచెం కోస్తాం. కొనేవాడూ అమ్మేవాడూ ఇద్దరూ అడ్డు చెప్పరు. ఆ డబ్బు సంఘంలో పోగవుతుంది. ఎండాకాలం చలివేంద్రానికి, దసరాకు, దర్గా ఉర్సుకు, పనిలో చచ్చిపోయినవాడి దినకర్మలకు అందులోంచే తీస్తాం. "ధర్మం పైసలల్లనుంచి ఒక మనిషిని పెడదాం" అన్నాను. ప్రెసిడెంటు నా వీపు తట్టాడు. వారం తిరగకముందే బడి గేటు దగ్గర మేమంతా వరసగా నిలబడి దిగిన ఫోటో పేపర్లో వచ్చింది. దాన్ని నేను ఫ్రేమ్ కట్టించాను.

మేము పెట్టిన మనిషి కాలనీలోనే ఉండే ఒక ముస్లిం ఆడమనిషి. యాభై దాటిన వయసు. భర్త రాతి దుమ్ము మింగి మింగి ఊపిరి ఆడక ఇంట్లోనే ఉంటున్నాడు. ఆమె అంతకుముందు షెడ్లలో బండలు కడిగేది. ఆమెను ఎంచింది గొంతు చూసి. పాలిష్ మిషన్లు తిరుగుతున్నా ఆమె తిట్టు షెడ్డు అవతలికి వినపడేది. పిల్లలందరూ ఖాలా అనేవాళ్ళు, అంటే పిన్ని. పని సంగతి చెప్పినప్పుడు ఆమె అడిగిన మొదటి ప్రశ్న, "నిలవడుడేనా సేట్? జర కూసోనీకి లేదా?"

"పొద్దుగాల ఒక గంట, సాయంత్రం ఒక గంట."

"రెండు గంటలు నిలవడితే జీతమా? మా ఆయనను గూడ తీస్కోండ్రి, ఆయన మస్తు కూసుంటడు."

నారింజ రంగు చొక్కా కుట్టించి వీపు మీద సంఘం పేరు అచ్చు వేయించాం. చేతికి ఎర్ర జెండా ఇచ్చాం. ఆమె పని మొదలుపెట్టిన తీరు చూసి ఊరంతా ముచ్చటపడింది. బెల్లు కొట్టగానే నడిరోడ్డు మీదికి వచ్చి, పిల్లలకు వీపు పెట్టి, వచ్చే బండ్లకు ముఖం పెట్టి, జెండా చాచి నిలబడేది. లారీ ఎంత దగ్గరికి వచ్చినా కదిలేది కాదు. "ఆగు, ఓ బండల నాయనా, నీ బండల కన్న మా పిల్లలు బరువు" అని అరిచేది. పిల్లలు దాటిపోయాక చివరివాడి నెత్తిమీద జెండా కట్టెతో ఒకటి ఇచ్చి పక్కకు జరిగేది.

పదిహేను రోజులు కూడా గడవలేదు, నా లారీ డ్రైవరు యూనిట్‌లోకి వచ్చి మూల విరిగిన బండ ఒకటి నా బల్ల మీద పెట్టాడు. కొడంగల్ దిక్కువాడు. పదేళ్ళుగా నా దగ్గర ఉన్నాడు.

"ఏందిరా ఇది?"

"ఖాలా ఇచ్చిన బహుమతి. ఎత్తుమీద ఆపింది. సేటు, మన పైసలు తింటది, మన బండినే ఆపుతది. ఇదేం లెక్క?"

"లెక్క లేదు" అన్నాను. "నేను చెప్త."

ప్రెసిడెంటు కూడా అదే రోజు ఫోన్ చేశాడు. ఆయన లారీలు నావాటికంటే ఎక్కువ కాబట్టి ఆయన బండలు కూడా ఎక్కువ విరిగాయి. సాయంత్రం నేను బండి మీద బడి దగ్గరికి వెళ్ళాను. ఖాలా గేటు పక్క రాయి మీద కూర్చుని ఆకు వక్క నములుతోంది.

"ఖాలా, లోడుబండ్లను ఆపకు. మస్తు నష్టమైతుంది."

"మరి పిల్లలు?"

"పిల్లల్ని ఆపు. బండ్లు పోయినంక ఇడిసిపెట్టు."

"బండ్లు ఎప్పుడు పోతయ్ సేట్? బండ్లు పోతనే ఉంటయ్."

"నడుమ సందు దొరుకుతది. అప్పుడు దాటించు. నీకు జీతం ఇచ్చేది లారీలోళ్ళు, జర యాది పెట్టుకో."

ఆమె ఆకు ఉమ్మేసి లేచింది. "అట్లనే సేట్. మీ పైసలు, మీ మాట" అంది. వెటకారం లేదు ఆ మాటలో. షెడ్డులో ఈ మిషను ఇట్ల తిప్పు అంటే, అట్లనే అని తిప్పే పనివాడి గొంతు ఎలా ఉంటుందో అలాగే ఉంది.

మరునాటి నుంచి ఖాలా ఇటువైపు తిరిగి నిలబడింది. లారీలకు వీపు, పిల్లలకు ముఖం. రెండు చేతులూ చాచి, జెండా కట్టెను అడ్డంగా పట్టుకుని, పిల్లల గుంపును వెనక్కి నెట్టుతూ ఉండేది. ఆమె వీపు మీద మా సంఘం పేరు చూసి డ్రైవర్లు హారన్ కొట్టి చెయ్యి ఊపేవాళ్ళు. నేనూ రెండు మూడుసార్లు అటుగా పోతూ చూశాను. అంతా సర్దుకుంది అనుకున్నాను. పిల్లల ప్రాణం కాపాడటానికి పెట్టిన మనిషి మా బండల మూలలకు కాపలా కాస్తోందని నా బుర్రకు తట్టలేదు అంటే అబద్ధం. తట్టింది. బండలు విరగడం తగ్గాక, మళ్ళీ ఆ ఆలోచన జోలికి పోలేదు.

వానాకాలం ఒక సాయంత్రం జరిగింది. ముసురు పట్టి ఉంది. బడి వదిలారు. లారీలు వరసగా వస్తున్నాయి, సందు దొరకలేదు. పిల్లలు రోడ్డు అంచున పోగయ్యారు. వెనకవాళ్ళు తడుస్తున్నామని ముందుకు తోస్తున్నారు, ముందువాళ్ళను ఖాలా వెనక్కి తోస్తోంది. అప్పుడు లారీకి ఎడమ పక్క నుంచి, రోడ్డు అంచు మీదుగా ఒక మోటారుసైకిలు దూసుకొచ్చింది. ముందు నిలబడ్డ ఏడో తరగతి పిల్ల తోపుడుకు జారి దాని ముందు పడింది. కాలు విరిగింది. బండివాడు కూడా పడ్డాడు, లేచి పారిపోయాడు. పిల్లను ఖాలాయే ఎత్తుకుని ఆటో ఎక్కించింది. తాండూరు ఆసుపత్రిలో చూసి, ఆపరేషన్ చేసి రాడ్డు వేయాలని వికారాబాద్ తీసుకెళ్ళారు.

మరునాడు బడిలో తల్లిదండ్రులు పోగయ్యారు. నన్నూ ప్రెసిడెంటునూ పిలిచి ముందు కుర్చీల్లో కూర్చోబెట్టారు. మేము దాతలం కదా. ఖాలా గోడకు ఆనుకుని నిలబడింది. ఆమె చీర కొంగు మీద నెత్తుటి మరక ఇంకా పోలేదు.

"పిల్లల్ని గొర్రెల లెక్క గుంపు జేసి రోడ్డు మీద నిలవెట్టింది" అన్నాడొకతను.

"మొదట్ల బండ్లను ఆపుతుండె. ఇప్పుడు ఏమొచ్చింది నీకు? చేతులు నొస్తున్నయా?" అంది ఒక తల్లి.

"సంఘపోళ్ళు పైసలు ఇచ్చుడు దండగ. గిసుంటి మనిషిని పెట్టిన్రు."

ఖాలా నావైపు చూసింది. కోపంగా కాదు. నేను లేచి ఒక్క మాట అంటానని చూసింది. నా ముందు బల్ల మీద నీళ్ళ గ్లాసు ఉంది. నేను దాన్ని తీసి నీళ్ళు తాగాను, మెల్లగా, మొత్తం. తాగి, "అయిందేదో అయింది. వేరే మనిషిని చూద్దాం" అన్నాను.

ఆమె నారింజ చొక్కా విప్పింది. మడత పెట్టి నా ముందు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. చెప్పమని ఎవరైనా అడిగి ఉంటే చెప్పేదేమో. ఎవరూ అడగలేదు.

రెండు రోజులు నేను ఇంట్లోనే ఉన్నాను. మూడో రోజు ప్యాసింజరు రైలెక్కి వికారాబాద్ వెళ్ళాను. ఆసుపత్రిలో ఆ పిల్ల కాలికి కట్టుతో పడుకుని ఉంది. తండ్రి మంచం పక్క నేలమీద కూర్చున్నాడు. మా పక్క యూనిట్‌లో కటింగ్ మిషను నడుపుతాడు, నన్ను ఎరుగును. లేచి దండం పెట్టాడు.

"మీరు మంచికే మనిషిని వెట్టిండ్రు సేటు. ఆమెనే సక్కగ జూడలె. మా తలరాత."

ఆ దండం నేను తీసుకోలేకపోయాను. పిల్లను నొప్పిగా ఉందా అని అడిగాను. ఆ పిల్ల ఎదురు నన్నే అడిగింది.

"ఖాలాను పనిలకెళ్ళి తీసేసిండ్రంట గద? ఆమె మమ్మల్ని ఎనకకు నూకుతనే ఉండె. మొదలు బండ్లను ఆపుతుండె, మంచిగుండె. ఎందుకు ఆపుడు బంద్ చేసింది?"

"నేనే చెప్పిన బిడ్డా" అన్నాను. "బండ్లను ఆపకు, పిల్లల్ని ఆపు అని నేనే చెప్పిన."

తండ్రి మళ్ళీ నేలమీద కూర్చున్నాడు. సెలైను సీసా వైపు చూస్తూ ఉన్నాడు. తిడతాడని ఎదురుచూశాను, తిడితే కొంచెం తేలికయ్యేది. చివరికి అన్నాడు, "గీ ముచ్చట గీ మూలకు నాకు చెప్పి ఏం చేస్తవ్ సేటు? ఆమెను నల్గురిల అన్నరు. నల్గురిల చెప్పు."

సేటు అన్నాడు గానీ ఇందాకటి మీరు పోయి నువ్వు వచ్చింది. నల్గురిల చెప్పు అన్న ఆ మాటే తిరుగు రైల్లో మోసుకుని వచ్చాను.

ముందు ఖాలా ఇంటికి పోయాను. గడప దాటనివ్వలేదు. లోపల నుంచి ఆమె భర్త దగ్గు వినిపిస్తోంది.

"ఎందుకొచ్చినవ్ సేట్? చొక్కా చినిగిందా, కుట్టాల్నా?"

"తప్పు నాది ఖాలా. మళ్ళ రా పనికి."

"తప్పు నీదని నాకు తెలుసు. నాకెందుకు చెప్తవ్? నల్లా కాడ నా బిందె పక్కకు జరుపుతున్నరు. నా కంటె ఎక్కువ మాట్లాడే ఆడోళ్ళు, ఒక్కతి నోరు తెరుస్తలేదు. ఆ నల్లా కాడికి పొయ్యి చెప్పు."

"చెప్త."

"చెప్పినంక చూస్త. చెప్పకముందు రాకు."

ఆ తరవాత మేడం దగ్గరికి పోయాను. అప్పటికి నాలో ఒక తొందర పుట్టింది, తప్పు చేసినవాడికి పుట్టే తొందర. "మేడం, సంఘంతోటి పని లేదు. ఖాలా జీతం నేనే ఇస్త, నా జేబులకెళ్ళి" అన్నాను. ఆమె మెచ్చుకుంటుందని అనుకున్నాను.

"వద్దు" అంది.

"ఎందుకు మేడం?"

"మీరు ఇచ్చినన్ని రోజులు మీ బండ్లు ఆగవు."

"నేను ఇంక అట్ల చెప్పను."

"మీరు చెప్పరు. మీ డ్రైవరు చెప్తడు. మీరు చెప్పొద్దన్నా ఆమె మీ బండి చూసి చెయ్యి దించుతది. నేనే అయినా దించుత, జీతం ఇచ్చేటోని బండి గద." ఆమె కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "నేను గూడ తప్పు చేసిన. ఎవరో ఒకరు ఇస్తే చాలనుకున్న. ఎవరు ఇస్తున్నరో చూడలె."

మరి ఎవరివ్వాలి? తల్లిదండ్రులా? వాళ్ళు నాకూ మా ప్రెసిడెంటుకూ కూలీలు. ఖాలా నా లారీ ఆపితే, వాళ్ళ ఇంటి మగవాడికి మరునాడు షెడ్డులో పని ఉండదేమో అని భయం. బడి ఇవ్వాలా? బడికి సుద్దముక్కలకే నిధులు చాలవు. పోనీ లారీలవాళ్ళమే ఇవ్వాలంటే, ఇచ్చాం, చూశాం. చివరికి ఇద్దరం వచ్చి ఆగింది మున్సిపాలిటీ దగ్గర. అందరి పన్ను కలిసేచోటు అదొక్కటే. అక్కడ కలిశాక ఏ రూపాయి ఎవరిదో తెలియదు, ఎవరి బండి ఆపాలో ఎవరిది వదలాలో ఆ రూపాయి చెప్పదు.

"కాని మున్సిపాలిటీల పైసలు లెవ్వంటరు" అంది మేడం.

ఆ మాటకు నేను తల దించుకున్నాను. మున్సిపాలిటీ దివాలా అని టీ కొట్టు దగ్గర నవ్వే వాళ్ళలో నేనూ ఒకణ్ణి. నా షెడ్డును ఉన్నదాంట్లో సగమే చూపించి ఏళ్ళ తరబడి పన్ను కడుతున్నవాణ్ణి. అటు పన్ను ఎగ్గొట్టి, ఇటు ధర్మం ఇచ్చి, ఫోటో దిగాను. పన్ను కడితే ఎవరూ దండం పెట్టరు, ఫోటో తియ్యరు. ధర్మానికి దండం వస్తుంది. మేము ధర్మాత్ములం కావడానికి కారణం ఇంతకంటే పెద్దదేమీ కాదు.

ఆ ఆదివారం కాలనీ నల్లా దగ్గరికే పోయాను. నీళ్ళు వచ్చే సమయం. మేడం వచ్చింది, ఆ పిల్ల తండ్రి వికారాబాద్ నుంచి బట్టల కోసం వచ్చినవాడు దూరంగా నిలబడ్డాడు. నేను పెద్ద ఉపన్యాసమేమీ ఇవ్వలేదు. లారీలను ఆపొద్దని, పిల్లల్ని ఆపమని ఖాలాకు చెప్పింది నేనని, జీతం యాది పెట్టుకో అని బెదిరించింది కూడా నేనని, బడిలో అందరూ ఆమెను అంటుంటే నోరు మూసుకున్నది నేనని చెప్పాను. బిందె నిండి పొర్లుతున్నా ఎవరూ నల్లా కట్టెయ్యలేదు.

"అయితే ఆ పొద్దు నోట్ల మన్ను పోసుకున్నవా సేటు?" అంది ఒక ఆడమనిషి. బడిలో ఖాలాను చేతులు నొస్తున్నాయా అని అడిగినామె.

"నీళ్ళు తాగిండు" అన్నాడు వెనక నుంచి ఒకడు. "నేను చూసిన. గ్లాసెడు తాగిండు."

కొందరు నవ్వారు. ఆ నవ్వు నాకు రావలసిందే. ఆ పిల్ల తండ్రి నవ్వలేదు, దగ్గరికీ రాలేదు. బట్టల మూట పట్టుకుని స్టేషను దారి పట్టాడు. అప్పుడు, చేతులు నొస్తున్నాయా అన్న ఆడమనిషి తన బిందె తీసి పక్కన పెట్టి, ఖాలా ఇంటివైపు తిరిగి పిలిచింది, "ఓ ఖాలా, బిందె తే, నీళ్ళు పోతున్నయ్." ఖాలా వెంటనే రాలేదు. వచ్చి, ఆమె ముఖం చూడకుండా బిందె పెట్టింది. నీళ్ళు పట్టుకుని పోయింది.

సాయంత్రానికి సంగతి ప్రెసిడెంటుకు చేరింది. సంఘం ఆఫీసుకు పిలిచాడు.

"ధర్మం చేసి నింద మోస్తున్నవ్, మా అందరితోటి మోపిస్తున్నవ్. లారీలోళ్ళు పిల్లల్ని చంపమన్నట్టు అయింది నీ మాటలతోటి."

"మీ పేరు నేను తియ్యలే. నా పేరే చెప్పిన."

"నీ పేరు చెప్తే మా పేరు చెప్పినట్టు గాదా?"

అది నిజమే. కార్యదర్శి పదవికి రాజీనామా రాసి ఇచ్చాను. ఆయన దాన్ని చదవకుండానే తీసుకున్నాడు.

ఆ తరవాత సోమవారాలు మొదలయ్యాయి. వికారాబాద్ కలెక్టరేటులో సోమవారం అర్జీలు తీసుకుంటారు. బడి ముందు నిలబడే మనిషికి మున్సిపాలిటీయే జీతం ఇవ్వాలని అర్జీ రాసుకున్నాను. పొద్దున రైలెక్కి పోయేవాణ్ణి. మర్పల్లి నుంచి పట్టాల కోసం వచ్చిన రైతులు, పింఛన్ల కోసం వచ్చిన ముసలివాళ్ళు, వాళ్ళ మధ్య వరసలో నేను. ఇదివరకు ఇలాంటి ఆఫీసులకు పోతే పక్క తలుపు నుంచి లోపలికి పోయేవాణ్ణి, తెలిసినవాళ్ళు ఉండేవాళ్ళు. ఈసారి పక్క తలుపు వద్దనుకున్నాను. వరసలో నిలబడి చేరేసరికి మధ్యాహ్నమయ్యేది.

మొదటిసారి అర్జీ చూసిన ఆఫీసరు, "రోడ్డు రోడ్లశాఖది. బడి విద్యాశాఖది. బండ్లు పోలీసులయి" అన్నాడు.

"పిల్లలు ఎవరి వాళ్ళు సార్?" అని అడిగాను.

ఆయన తలెత్తి చూశాడు. "మీ పిల్లనా?"

"కాదు."

"మరి మీకేంది?"

ఆ కాలు ఎందుకు విరిగిందో మళ్ళీ చెప్పాను. చెప్పగా చెప్పగా సిగ్గు అరిగిపోతుందని అనుకునేవాణ్ణి. అరగలేదు. ప్రతి సోమవారం కొత్త మనిషికి కొత్తగా చెప్పాల్సి వచ్చేది. అర్జీ అక్కడి నుంచి తాండూరు మున్సిపాలిటీకి వచ్చింది, అక్కడి నుంచి పోలీసులకు పోయింది, అక్కడి నుంచి మళ్ళీ కలెక్టరేటుకు పోయింది. నా కంటే అర్జీయే ఎక్కువ ప్రయాణాలు చేసింది. ఒకసారి ఆ పిల్ల తండ్రి కూడా పని ఎగ్గొట్టి నాతో వచ్చాడు. రైల్లో నా పక్కన కూర్చోలేదు, ఎదుటి బల్ల మీద కూర్చున్నాడు. అయినా వచ్చాడు. ఆఫీసరు ముందు కూతురి ఎక్సరే తీసి బల్ల మీద పెట్టాడు. ఆ రోజు మొదటిసారి ఒక ఆఫీసరు మా అర్జీని పూర్తిగా చదివాడు.

ఈలోపు మున్సిపాలిటీకి పోయి నా షెడ్డు మళ్ళీ కొలవమని అడిగాను. అక్కడి గుమాస్తా నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. "తక్కువ చెయ్యమని వస్తరు గని, ఎక్కువ చెయ్యమని ఎవ్వరు రారు సేటు. తబియత్ మంచిగున్నదా?" మా ఆవిడ ఇంట్లో అంతకంటే గట్టిగానే అంది, "నువ్వు ఒక్కనివి కడ్తే రోడ్డు బాగైతదా?" కాదు. కానీ నేను కట్టకుండా మున్సిపాలిటీని అడిగే ముఖం నాకు లేదు.

అన్ని నెలలూ బడి ముందు మేడం, ఆ సారు, వంతుల వారీగా తల్లులు నిలబడ్డారు. చివరికి దారి దొరికింది, చాలా వంకర దారి. జెండా పట్టుకునే పోస్టు లేదు కాబట్టి ఖాలాను పారిశుద్ధ్యం కింద, ఔట్‌సోర్సింగ్‌లో తీసుకున్నారు. బడి మొదలయ్యేటప్పుడూ వదిలేటప్పుడూ రోడ్డు మీద ఉండాలి, మధ్యలో వార్డులో ఊడ్చాలి. ఆ ఉత్తర్వు కూడా బడి ఏడాది ముగిసేదాకానే. కాగితం తీసుకుని ఖాలా ఇంటికి పోయాను. ఈసారి గడప దాటనిచ్చింది.

"చీపురు గూడ పట్టాల్నా?"

"పగటీలి ఖాలా."

"పొద్దుగాల జెండా, పగటీలి చీపురు, సాయంత్రం మళ్ళ జెండా. నిలవడుడే అనుకుంటే వంగుడు గూడ వచ్చింది." కాగితం తిప్పి చూసింది. "ఇండ్ల మీ సంఘం పేరు ఉన్నదా?"

"లేదు. నా పేరు గూడ లేదు."

"అయితే ఇట్ల తే."

ఆమె పనిలో చేరిన వారంలోనే ప్రెసిడెంటు నుంచి ఫోన్ వచ్చింది. రాజీనామా తరవాత ఆయన నాతో మాట్లాడటం అదే మొదలు.

"నీ ఖాలా నా మూడు బండ్లను ఎత్తు మీద నిలవెట్టింది. పిల్లలు దాటినంక గూడ జెండా దించలే. కావాలనే చేస్తుంది."

"చేస్తుండొచ్చు" అన్నాను. ఖాలాకు ఆ పాటి కసి ఉంటుందని నాకూ తెలుసు.

"ఎవడిస్తున్నడు ఆమెకు జీతం?"

"నువ్వే. నేను గూడ. ఇంటిపన్ను కట్టే ప్రతి ఒక్కడు."

"నేను ఇచ్చేదుంటే నేను చెప్తున్న, నా బండి ఆపొద్దు."

"నేను ఒకసారి అట్లనే చెప్పిన. నువ్వు చెప్పకు."

ఆయన ఫోన్ పెట్టేశాడు. ఆయన మారాడని నేను అనుకోవడం లేదు. ఆయన డ్రైవర్లకు బండలు ఇంకాస్త గట్టిగా పేర్చమని, గడ్డి ఎక్కువ దోపమని చెప్పాడని మాత్రం విన్నాను. నా డ్రైవరు కూడా ఇప్పుడు బడి రాకముందే గేరు తగ్గిస్తున్నాడు. ఖాలాను తిడుతూనే తగ్గిస్తున్నాడు.

ఆ పిల్ల ఎనిమిదో తరగతికి వచ్చింది. కొంచెం కుంటుతుంది. పరుగు పందేల్లో ఉండేదట ఇదివరకు. ఆ పరుగును ఏ సోమవారమూ తిరిగి ఇవ్వలేదు. దానికి నేను ఎవరినీ క్షమాపణ అడగను, అడిగితే ఇవ్వాల్సిన భారం వాళ్ళ మీద పడుతుంది.

ఉత్తర్వు గడువు ఈ నెలాఖరుతో అయిపోతుంది. బడి తెరిచేలోపు మళ్ళీ రాయించాలి. మేడంకు బదిలీ వచ్చేలా ఉంది, కాబట్టి ఈసారి అర్జీ మీద మొదటి సంతకం ఆ పిల్ల తండ్రిది, తరవాత నల్లా దగ్గరి ఆడవాళ్ళవి. కింద ఎక్కడో నాది. రైల్వే గేటు దగ్గరి ఇంకో బడివాళ్ళు కూడా మాకో మనిషి కావాలని వచ్చి కలిశారు, వాళ్ళ కాగితం కూడా తీసుకున్నాను. రేపు సోమవారం. పొద్దున ప్యాసింజరుకు పోతున్నాను.